ఈ చెట్టు పడితే ఎటు పడుతుంది?

మా పక్కింటి ఆంటీ పోయారు. వేసవికని సియాటెల్‌లో కొడుకు దగ్గరికి వెళ్లి, ఒక మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తానని పడుకుని, ఇక లేవలేదట. ఆ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆవిడ పెరట్లోనే ఉన్నాను. తను తిరిగొచ్చేదాకా గోంగూర మడికి నీళ్లు పెట్టమని నాకు అప్పజెప్పి వెళ్లారు. "అక్కా, అమ్మ ఈజ్ నో మోర్" అన్నాడతను. ఆ మాట తెలుగులో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు కాబోలు. చేతిలో పైపు అలాగే వదిలేసి, మడి నిండి పొంగి నా చెప్పులు బురదలో దిగబడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మాకు ఇల్లు అమ్మిన రియల్టర్. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో తెలుగువాళ్లు ఇల్లు కొనాలనుకుంటే బ్యాంకు కంటే ముందు ఆవిడకే ఫోన్ చేసేవారు. మామూలుగా తాళాలు చేతికిచ్చాక రియల్టర్‌కీ మనకీ దీపావళి మెసేజ్ వరకే సంబంధం. మాకు మాత్రం ఆవిడ తన పక్కిల్లే అమ్మారు కాబట్టి, తాళాలిచ్చాక మమ్మల్ని వదల్లేదు. నిజం చెప్పాలంటే మేమే ఆవిడని వదల్లేదు.

ఆవిడ ఇల్లు చూపించే పద్ధతి వేరు. మనవాళ్లు ఇల్లు చూడ్డానికి కారు దిగగానే ఫోన్‌లో దిక్సూచి తెరుస్తారు. గుమ్మం తూర్పుకి ఉందా, ఈశాన్యంలో బాత్రూమ్ ఏమైనా వచ్చిందా అని ఫోన్ పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు. మా ఆయన కూడా అలాగే తిరిగాడు. ఆంటీ చుడీదార్ కింద రన్నింగ్ షూస్ వేసుకుని, ఎండైనా వానైనా చేతిలో పొడవాటి గొడుగు పట్టుకుని, ఓపిగ్గా నవ్వుతూ నిలబడేవారు. తిరగడం అయ్యాక అనేవారు, "తూర్పు ఎటుందో సూర్యుడు చూసుకుంటాడులే నాయనా. నువ్వు కాస్త తల పైకెత్తు."

అప్పుడు గొడుగెత్తి ఒక్కో చెట్టూ చూపించేవారు. ప్రతి చెట్టు దగ్గరా ఒకటే ప్రశ్న. "ఇది పడితే ఎటు పడుతుంది?"

కొత్తగా ఇల్లు కొనేవాళ్లకి ఇది అపశకునంలా వినబడేది. కొందరు మొహం మాడ్చుకునేవారు కూడా. ఆవిడ పట్టించుకునేవారు కాదు. గ్రానైట్ కౌంటర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇంటి మీదికి వంగిన పైన్ చెట్టుని మార్చుకోలేం అనేవారు. జార్జియాలో ఇల్లు కొన్నవాడు సగం అడవిని కూడా కొన్నట్టే అని ఆవిడ లెక్క.

మాకు ఈ ఇల్లు చూపించిన రోజున ఆవిడ లోపలికి కూడా తీసుకెళ్లకుండా ముందు కంచె దగ్గరికి నడిపించారు. కంచెకి అవతల ఆవిడ పెరట్లో పెద్ద వాటర్ ఓక్. దాని కొమ్మలు కంచె దాటి, మా కప్పు దాటి, మేడ మీద మూలగది కిటికీని పూర్తిగా కమ్మేసి ఉన్నాయి.

"ఈ చెట్టు నాది. మొదలు నా నేలలో ఉంది, సగం తల మీ కప్పు మీద ఉంది. చూసుకుని కొనండి. తరవాత ఆంటీ చెప్పలేదు అనకండి."

"పడితే ఏమైతది ఆంటీ?" అన్నాడు మా ఆయన. ఆయనది వరంగల్. సూటిగా అడిగేస్తాడు.

"మంచి చెట్టు గాలికి పడిందనుకో, అది దేవుడి పని. మీ కప్పు సంగతి మీ ఇన్సూరెన్సే చూసుకుంటుంది, నా మీద కేసు వేసినా నిలబడదు. అదే, చెట్టు పుచ్చిందని తెలిసి కూడా నేను ఊరుకున్నాననుకో, అప్పుడు తప్పు నాది. జవాబు నేనే చెప్పుకోవాలి."

"గట్లయితే తెల్వకుంట ఉండుడే మంచిది గద ఆంటీ!"

ఆవిడ పకపకా నవ్వారు. "అందుకేగా నాయనా చాలామంది పైకి చూడంది."

నేను ఆ మూలగది చూశాక ఇక వేరే ఇల్లు చూడనన్నాను. అప్పుడు నాకు ఆరో నెల. కిటికీ నిండా ఆకులు తప్ప ఇంకేమీ కనిపించని ఆ గదిలో, మధ్యాహ్నం పూట కూడా వెలుగు ఆకుపచ్చగా ఉండేది. ఉయ్యాల ఎక్కడ వేయాలో, మంచం ఎక్కడ వేయాలో నిలబడ్డ చోటే నిర్ణయించుకున్నాను. మా పాప పుట్టాక ఆ గదిలోనే పడుకోవడం నేర్చుకుంది. ఆకుల చప్పుడు లేకపోతే నిద్రపోయేది కాదు.

అలాగని ఆ చెట్టుతో మాకు అంతా ప్రేమాయణమే అనుకోకండి. మొదటి శీతాకాలం దాని ఆకులన్నీ మా కప్పు అంచు గట్టర్‌లో చేరి, వాన నీళ్లు పొంగి గుమ్మంలోకి వచ్చాయి. నాకు ముక్కు మీద కోపం. చీపురు పట్టుకునే వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను. "మీ చెట్టు, మీ ఆకులు, శుభ్రం చేయించాల్సింది మీరు కదా ఆంటీ" అన్నాను.

"కాదమ్మాయ్. చెట్టు నాదే కానీ, ఆకులు ఎవరింట్లో పడితే వాళ్లవే. మీ కంచె దాటిన కొమ్మ కూడా మీ ఖర్చుతో మీరు కొట్టించుకోవచ్చు, కంచె వరకే. నా వైపు అడుగు పెట్టకూడదు, చెట్టు చచ్చేలా నరకకూడదు. ఇదీ చట్టం" అని, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. మర్నాడు చూస్తే ఆవిడ గట్టర్ శుభ్రం చేసే మనిషి మా ఇంటి కప్పు మీద ఉన్నాడు. అదేంటని అడిగితే, "చట్టం ప్రకారం నేను చేయించక్కర్లేదు. పక్కింటిదాన్ని కాబట్టి చేయించాను" అన్నారు. ప్రతి ఏడూ అతను మా కప్పు కూడా ఎక్కేవాడు. నేను మళ్లీ ఎప్పుడూ చీపురు పట్టుకుని ఆ తలుపు కొట్టలేదు.

చెట్ల తగువు ఏదొచ్చినా మనవాళ్లు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఒక కుర్రాడి కొత్త ఇంటికి సరిగ్గా గుమ్మానికి ఎదురుగా మేపుల్ చెట్టు ఉండేది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల నాయనమ్మ, ద్వారానికి ఎదురు చెట్టుంటే లక్ష్మీదేవి వీధిలోంచే వెళ్లిపోతుందని అన్నం మానేసినంత పని చేసిందట. అతను ఒక శనివారం రంపం అద్దెకి తెచ్చి, పొద్దున్నే చెట్టు కూల్చేశాడు. తీరా చూస్తే, రోడ్డు పక్క పచ్చిక కోసేది మనమే అయినా ఆ స్థలం సిటీది, అందులో చెట్టు కూడా సిటీదే. హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం వాళ్లు ఫోటోలు తీసుకున్నారు. అతను చెమటలు కక్కుతూ ఆంటీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ బాగా చీవాట్లు పెట్టి, టిఫిన్ పెట్టి, తనే కారులో సిటీ ఆఫీసుకి తీసుకెళ్లి, జరిగింది జరిగినట్టు ఒప్పుకోమన్నారు. బదులుగా కొత్త మొక్క నాటించారు. అప్పట్నుంచి వాస్తు మాట ఎత్తినవాళ్లతో, "గుమ్మానికి చెట్టు ఎదురొస్తే మధ్యలో పెద్ద తులసి కుండీ పెట్టుకోండమ్మా. లక్ష్మీదేవికి పక్కనుంచి రావడం తెలుసు" అనేవారు.

పొరుగువాళ్ల కొమ్మ మా మీదికొచ్చింది, కొట్టేయొచ్చా అని ఎవరైనా ఫోన్ చేస్తే, కొట్టేయొచ్చని వెంటనే చెప్పేవారు కాదు. "హక్కుంది కదా అని కొట్టేయకండి. ముందు వెళ్లి తలుపు కొట్టండి" అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మా రెండు పెరళ్ల మధ్య కంచె పొట్టిది. ఆవిడ ఫోన్లన్నీ ఆ ఓక్ చెట్టు కింద అరుగు మీద కూర్చునే మాట్లాడేవారు.

ఆ అరుగు గురించి చెప్పాలి. అది అంకుల్ కట్టింది. అంకుల్‌ని నేను చూడలేదు, మేం రాకముందే పోయారు. ఆయనది బాపట్ల దగ్గర ఏదో ఊరు. చెట్టన్నాక చుట్టూ నలుగురు కూర్చునే అరుగు లేకపోతే అదేం చెట్టు అనేవారట. వాళ్లు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మనవాళ్లు కలుసుకోవడానికి ఇక్కడ గుళ్లూ హాళ్లూ ఇన్ని లేవు. ఆయన సెలవు రోజుల్లో ఎర్ర ఇటుకలు తెచ్చి, ఓక్ మొదలు చుట్టూ గుండ్రంగా కట్టి, లోపలంతా మట్టి నింపి, కూర్చోవడానికి సరిపడా ఎత్తు చేశారు. కార్తీక మాసం వచ్చిందంటే దాని చుట్టూ వనభోజనాలు.

వనభోజనాలకి ఉసిరి చెట్టు కావాలి. జార్జియా చలికి ఉసిరి బతకదు. అందుకని ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్ కొనుక్కొచ్చి, పళ్లెంలో పోసి అరుగు మీద పెట్టేవారు. ఆ ఒక్క రోజుకి ఓక్ చెట్టుకి ఉసిరి చెట్టుగా ప్రమోషన్. కరిగిన ఉసిరికాయలు మెత్తబడి వత్తి నిలిచేది కాదు. ఆడవాళ్లమంతా అగ్గిపెట్టెలతో కుస్తీ పడుతుంటే ఆంటీ, "వెలిగినంతసేపే దీపం, కానివ్వండి" అని నవ్వేవారు. పైనుంచి ఓక్ కాయలు రాలి పప్పుచారులో టప్పున పడేవి. ఇక్కడ పుట్టిన పిల్లలు దాన్ని ఓక్ భోజనం అనేవారు. వనభోజనం అనమంటే ఎవరికీ నోరు తిరిగేది కాదు.

పాపకి అప్పుడప్పుడే మాటలు వస్తున్న ఏడాది, వనభోజనాలు రేపనగా, శనివారం పొద్దున నేను పులిహోర పోపు వేస్తున్నాను. ఆంటీ వచ్చి తలుపు కొట్టారు. ఎప్పుడూ కొట్టకుండానే లోపలికి వచ్చే మనిషి. చేతులు తడిగా ఉన్నాయి, గొడుగు మొనకి ఏదో గోధుమరంగు పొడి అంటుకుని ఉంది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "మూలగదిలోంచి పాప మంచం తీసేయండి. ఇప్పుడే" అన్నారు.

అరుగు కడుగుతుంటే చెట్టు వెనకవైపు, సరిగ్గా ఇటుకల అంచు దగ్గర, అప్పడాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పుట్టగొడుగులు కనబడ్డాయట. పక్కన బెరడు మీద గొడుగు మొన ఆనించి నొక్కితే లోపలికి దిగబడిపోయిందట. ఇంకెవరూ చూడలేదు. ఆ వైపు కంచె మీద గుబురుగా మల్లెతీగ ఉంది, మాకు జన్మలో కనబడేది కాదు. ఆవిడ నోరు మూసుకుంటే ఆ సంగతి ఆవిడకీ ఉడుతలకీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

మా ఆయన, ఆవిడ కలిసి పాప మంచాన్ని కిందికి దింపారు. ఆ ఏడు వనభోజనాలు మా గ్యారేజ్‌లో జరిగాయి. కార్లు బయట పెట్టి, దుప్పట్లు పరిచి, లాన్ మూవర్ పక్కన కూర్చుని తిన్నాం. అందరూ మధ్యమధ్య లేచి బయటికొచ్చి, మా కప్పు మీదుగా కనబడుతున్న ఆ చెట్టు తలకాయకేసి చూసి వెళ్లేవారు. అది ఎప్పట్లాగే పచ్చగా ఉంది.

తరవాతి వారం చెట్లు పరీక్షించే ఆయన వచ్చాడు. రబ్బరు సుత్తితో మొదలు చుట్టూ తట్టాడు. కొన్నిచోట్ల ఖాళీ డబ్బా చప్పుడు. కొన్ని ఇటుకలు తీసి, మట్టి తవ్వి చూపించాడు. లోపల బెరడు నల్లగా, ముద్దగా ఉంది. రేపు గాలికి పడొచ్చు, ఇంకొన్నేళ్లు నిలవొచ్చు, చెప్పలేనన్నాడు. ఎందుకిలా అయిందని ఆంటీ అతన్ని అడగలేదు. ఆవిడకి తెలుసు. మొక్క చుట్టూ మల్చ్ అనే చెక్కపొట్టు కుప్పలు పోసుకునే ప్రతి ఇంటివాళ్లకీ, చెట్టు పాదం కనబడాలి, మెడదాకా మట్టి కప్పితే ఊపిరాడక కుళ్లిపోతుంది అని చెప్పింది ఆవిడే.

అతను వెళ్లాక ఊడొచ్చిన ఇటుకని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "మీ అంకుల్ దానికి పీట వేశాననుకున్నారమ్మా" అన్నారు. ఇటుకకి అంటిన మట్టి గోటితో గీకుతూ మళ్లీ అన్నారు, "ఊళ్లో అందరి చెట్ల పాదాలూ చూశాను. ఇంట్లో దానికి మట్టి తీయడానికి చేతులు రాలేదు. ఆయన కట్టారని."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాకు ఆ చెట్టు కావాలి. ఆవిడకి అది మరీ కావాలి. అంకుల్ పోయాక ఆ ఇంట్లో ఆవిడతో పాటు మిగిలింది అదొక్కటే. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ముందు దాని దగ్గరికే వెళ్లేవారు. పాపని కింద గదిలోనే పడుకోబెట్టుకుంటాం, మేడ మీద గది మూసేస్తాం, ఇన్నేళ్లు నిలబడింది ఇంకొన్నేళ్లు నిలబడుతుంది అని వాదించాను. మా ఆయన కూడా, "మేం ఏం అనం ఆంటీ, కాయితం రాసిమ్మంటే రాసిస్తం" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

"మీరొక్కరే ఎలా నిర్ణయిస్తారు? దాని నీడ మాది కూడా కదా!" అని అరిచినంత పని చేశాను.

"నీడ మీదేనమ్మా. పడటం నాది."

నేను ఇంకేదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "నిన్నటిదాకా అది దేవుడి పని. గొడుగు దిగాక నా పని. నాకు తెలిసిపోయింది కదమ్మాయ్, ఇంక తెలియనట్టు ఎలా పడుకోను?"

సిటీ అనుమతి, హెచ్‌ఓఏ అనుమతి అన్నీ ఆవిడే చూసుకున్నారు. చెట్టు కొట్టే ముందురోజు సాయంత్రం మొదలుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తరవాత తల పైకెత్తి గట్టిగా, "రేపు మిషన్లు వస్తాయి. పిల్లాజెల్లాతో వేరే చోటు చూసుకోండి" అని చెప్పారు. ఎవరితో అంటే ఉడుతలతో అట. నాకు నవ్వొచ్చింది. "ఈ ఉడుతలకి తెలుగొచ్చా ఆంటీ?" అన్నాను.

"ఇన్నేళ్లుగా నా ఫోన్లు వింటున్నాయి, రాకుండా ఎలా ఉంటుంది? ఇళ్ల రేట్లు కూడా తెలిసే ఉంటాయి."

మర్నాడు క్రేన్ వచ్చింది. ఆంటీ తన పెరట్లో ఉండలేదు. మా ఇంటికొచ్చి, మెట్లెక్కి, ఖాళీ మూలగదిలో నేల మీద కూర్చున్నారు. ఇక్కడెందుకు ఆంటీ, కిందికి రండి అన్నాను. "పడితే ఇక్కడే కదా పడేది. ఇక్కణ్ణుంచే చూస్తాను" అన్నారు. పాపని ఎత్తుకుని నేను కూడా పక్కనే కూర్చున్నాను. ఒక్కో కొమ్మా తాడుకి వేలాడుతూ కిటికీ ముందునుంచి కిందికి వెళ్లింది. ఒక్కో కొమ్మ వెళ్లినప్పుడల్లా గది కొంచెం తెల్లబడింది. పాప క్రేన్‌ని చూసి చప్పట్లు కొడుతూ "బై బై ట్రీ" అంది. ఆంటీ పాప చెయ్యి పట్టుకుని తనూ ఊపించారు. చివరికి అడుగు మొద్దు లేపితే, అందులో మా పాప కూర్చునేంత బోలు. ఆవిడ దాన్ని చూసి, పాపని చూసి, చున్నీతో మొహం కప్పుకుని బావురుమన్నారు. నేను ఆపలేదు. నాకూ ఆగలేదు.

సాయంత్రం ఇటుకలన్నీ తనే ఒక్కొక్కటీ ఏరి కంచె పక్కన పేర్చారు. మర్నాడే మా మూలగదికి కొలతలు తీసుకుని మందపాటి కర్టెన్లు తెచ్చారు. పాప మొహం మీద ఎండ పడుతుందట. చెట్టు పోయినందుకు మాకేదో బాకీ పడ్డట్టు తరవాతి వేసవంతా మజ్జిగా, తాటిముంజల డబ్బాలూ పంపుతూనే ఉన్నారు. వద్దంటే వినలేదు.

కొట్టినదానికి బదులు ఇంకో చెట్టు నాటాలని సిటీ నియమం. ఆవిడ పెరడంతా తిరిగి, రెండు చేతులూ చాచి, ఒక్కో చోటా నిలబడి నాలుగు వైపులా చూశారు. చివరికి అందరి కప్పులకీ దూరంగా, పెరటి నడిమధ్యలో పొట్టి జాతి డాగ్‌వుడ్ మొక్క పెట్టించారు. ఊరుకోలేక నేనే అడిగాను, "ఇది పడితే ఎటు పడుతుంది ఆంటీ?"

"నా గోంగూర మీద పడుతుంది. నా గోంగూర, నా ఇష్టం!" చెట్టు పోయాక ఆవిడ గట్టిగా నవ్వింది ఆ రోజే.

పోయిన కార్తీకంలో మళ్లీ పెరట్లోనే వనభోజనాలు పెట్టారు. ఎండ సూటిగా కళ్లలో పడుతోంది. మగవాళ్లు టోపీలు, ఆడవాళ్లు చెంగులు. ఎవరి పప్పుచారులోనూ ఏమీ రాలలేదు. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, మాటిమాటికీ పైకి చూసేవారు. నేను గమనించడం చూసి, "మెడకి అలవాటైపోయిందమ్మా" అన్నారు. అదే ఆవిడ పెట్టిన ఆఖరి వనభోజనం అవుతుందని తెలిస్తే, ఇంకొంచెంసేపు కూర్చునేదాన్ని. గిన్నెలు తోముతున్నానన్న వంకతో లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు ఆ ఇల్లు ఖాళీగా ఉంది. కొడుకు వచ్చి అమ్మకానికి పెడతాడట. ఆవిడ దగ్గర ఇళ్లు కొన్నవాళ్లు చెట్ల సందేహాలుంటే ఇప్పుడు నాకు ఫోన్ చేస్తున్నారు. పక్కింటివాళ్ల పైన్ కొమ్మ మా డెక్ మీదికొచ్చింది, ఏం చేయమంటారు అని మొన్నొకావిడ అడిగింది. ముందు వెళ్లి తలుపు కొట్టండి అన్నాను. చెప్పాక ఫోన్ పక్కన పెట్టేసి, కంచె అవతలికి చూస్తూ ఉండిపోయాను. నేను చెప్పింది సరేనా ఆంటీ అని అడగాలనిపించింది. అది అడగడానికి ఇక ఎవరూ లేరు. ఆవిడ ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ముందు వచ్చేది ఆకలిలాంటి ఒక వెలితి. ఇంత ఎదిగిన మనిషికి పక్కింటావిడ కోసం ఇంత బెంగ ఉంటుందని నాకు తెలియదు.

ఈ వారంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన పట్టుకుంది. ఫోన్లన్నీ హెచ్చరికలతో అరిచాయి. పాప మేడ మీద మూలగదిలో నిద్రపోతోంది. నేను ఆఫీస్ మీటింగ్ మధ్యలో లేచి, ల్యాప్‌టాప్ అలాగే వదిలేసి, మెట్ల మీద పరిగెత్తాను. తలుపు తీసి, మంచం దగ్గరికి వెళ్లి, వంగి, పాప వీపు కింద చెయ్యి పెట్టి, ఆగిపోయాను.

కిటికీ బయట ఆకాశం తప్ప ఏమీ లేదు. వాన ఏటవాలుగా కొడుతోంది. ఎక్కడో చెట్లు ఊగుతున్న హోరు వినబడుతోంది, ఇక్కడ మాత్రం ఊగేదేమీ లేదు. ఈ మంచం మీదికి వచ్చి పడేదేమీ లేదు. పాప నోరు కొంచెం తెరిచి హాయిగా పడుకుంది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ నిద్ర ఆవిడ ఇచ్చింది. అది తెలిసి కూడా, ఆ ఆకులు కావాలనిపించింది, వాటి కింద ఫోన్‌లో ఎవరినో మందలిస్తున్న ఆ గొంతు కావాలనిపించింది. దాంతో పాటు ఆ పాత భయం తిరిగొస్తుందన్నా, రానీ అనిపించింది. మంచం పక్కన నేల మీద కూర్చుని వాన తగ్గేదాకా ఏడ్చాను.

పాప లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. "అమ్మా లుక్, అమ్మమ్మ యార్డ్‌లో పూల్ వచ్చింది!" అంది. ఆంటీని అది అమ్మమ్మ అనే పిలిచేది. వెళ్లి చూశాను. ఓక్ మొద్దుని తోడేసిన చోట పూడ్చిన మట్టి ఈ ఏడాదిన్నరలో కుంగిపోయినట్టుంది. అక్కడ గుండ్రంగా వాననీళ్లు నిలిచాయి. అప్పటికే ఎండ కాస్తోంది. ఎక్కడినుంచి వచ్చాయో రాబిన్ పిట్టలు నీళ్లలో దిగి, తలలు ముంచి, రెక్కలు టపటపలాడిస్తూ స్నానాలు చేస్తున్నాయి. పాప గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవి వెళ్లిపోయాక కూడా నీళ్లలో ఆకాశం చాలాసేపు కదులుతూనే ఉంది.